ముందు గుడ్డ, తర్వాతే డిజైన్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పెళ్లి డ్రెస్సుల గురించే. నేను కత్తెర పట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. మొదట్లో కాజాలు తీయడం, హెమ్మింగ్ చేయడం, ఆ తర్వాత కటింగ్. ఏది ట్రెండో, ఏది పాతబడిందో నన్ను అడిగితే చెప్పలేను. ఏ గుడ్డ కత్తెర కింద ఎలా కదులుతుందో, పొద్దున వేసుకుంటే సాయంత్రానికి ఒంటి మీద ఎలా తయారవుతుందో అడగండి, చెప్తాను.

ప్రశ్న: అక్కా, నాకొక ఫొటో బాగా నచ్చింది. నడుము దగ్గర బిగుతుగా ఉండి కింద గొడుగులా విచ్చుకున్న స్కర్టు, అంతా పెద్ద పెద్ద మడతలు. మెత్తగా ఉంటుంది కదా అని ఎనిమిది మీటర్ల షిఫాన్ కొనేశాను. మా టైలర్‌గారు ఈ గుడ్డతో ఆ డిజైన్ రాదంటున్నారు. ఆయనకు చేతకాకనా, నిజంగానే రాదా?

జవాబు: ఆయనకు చేతకాక కాదమ్మా, షిఫాన్‌కి చేతకాదు.

నేను గుడ్డల్ని రెండే జాతులుగా చూస్తాను: నిలబడేవి, జారేవి. మికాడో, టఫెటా, డచెస్ శాటిన్, ఆర్గంజా, గజార్ నిలబడతాయి. షిఫాన్, జార్జెట్, క్రేప్, షార్మ్యూజ్ జారతాయి. దీనికీ బరువుకీ సంబంధం లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆర్గంజా ఊదితే ఎగిరిపోయేంత తేలిక, అయినా నిలబడుతుంది. మంచి క్రేప్ చేతికి బరువుగా తగులుతుంది, అయినా ఒంటిని పట్టుకుని కిందికి జారుతుంది. తేడా అంతా పోగులో, నేతలో ఉంది. పట్టు పోగుకి పుట్టుకతోనే సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. పట్టు ఆర్గంజాకి ఆ జిగురు పోనివ్వకుండా నేస్తారు, అందుకే ఆ గరగర. షిఫాన్, జార్జెట్ పోగులు మాత్రం బాగా మెలిపెట్టినవి. ఒకటి కుడి మెలిక, పక్కది ఎడమ మెలిక. ఆ మెలికలు విడిపోవాలని ఎప్పుడూ గుంజుకుంటూనే ఉంటాయి. అందుకే గుడ్డ చిన్నగా ముడుచుకుని, ఊగుతూ, మెత్తగా వాలుతుంది. కింద ఎన్ని పొరల క్యాన్‌క్యాన్ నెట్ పెట్టినా స్కర్టు ఉబ్బుతుంది గానీ, ఫొటోలోని ఆ మడతలు నిలవవు.

ఈసారి షాపుకి వెళ్లినప్పుడు తానులోంచి ఒక మీటరు విప్పించుకోండి. సరిగ్గా మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తండి. తడి తువ్వాలులా నిలువునా వాలిపోతే అది జారే గుడ్డ. వేళ్ల కింద గొడుగులా విచ్చుకుంటే నిలబడే గుడ్డ. కౌంటర్ అవతలివాళ్లు ఏ పేరు చెప్పినా సరే, మీ వేళ్లు చెప్పిందే నమ్మండి.

ఇక కొన్న ఎనిమిది మీటర్ల సంగతి. రెండు దారులున్నాయి. ఆ ఫొటోనే కావాలంటే స్కర్టుకి మికాడో కొని, షిఫాన్‌ని చేతులకీ, ముసుగుకీ, వెనక వేలాడే పొరకీ వాడండి. లేదా ఫొటోని పక్కన పెట్టి, షిఫాన్ ఏం చేయగలదో అది చేయనివ్వండి. ఛాతీ కింద నుంచే సన్నటి కుచ్చులతో జారే డ్రెస్ కుట్టించుకోండి, నడుస్తుంటే నీళ్లు పారినట్టుంటుంది. నన్నడిగితే రెండోదే చేయమంటాను.

మికాడో కొనేటట్టయితే ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, చూడండి. నడుము నుంచి నేల దాకా 42 అంగుళాలనుకుందాం, మడతకి ఇంకో మూడు, మొత్తం 45. పన్నా 44 అంగుళాలైతే నాలుగు ముక్కలు కలిపితేగాని 176 అంగుళాల ఘేరు (స్కర్టు అంచు చుట్టుకొలత) రాదు. అంటే 45 చొప్పున నాలుగు ముక్కలకి 180 అంగుళాలు, దాదాపు 4.6 మీటర్లు. అదే 58 అంగుళాల పన్నా అయితే మూడు ముక్కలతోనే 174 వస్తుంది, మూడున్నర మీటర్లలో తేలిపోతుంది. పైభాగానికి, వెనక నేల మీద జీరాడే భాగం కావాలంటే దానికి, వేరే లెక్క. మీటరు రేటు మాత్రమే చూసి చిన్న పన్నా చవకని కొనేసేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

ప్రశ్న: శాటిన్ అంటే పట్టేనా మేడమ్? మాకు అచ్చమైన పట్టు శాటిన్ అని చెప్పి ఇచ్చారు. పట్టు ఇంత తెల్లగా ఉంటుందా అని మా అమ్మకి అనుమానం.

జవాబు: మీ అమ్మగారి అనుమానం మంచిది. శాటిన్ నేత పేరు, పోగు పేరు కాదు. మామూలు నేతలో పడుగు (నిలువు పోగు) ఒక పేక (అడ్డు పోగు) మీదుగా, ఒక పేక కిందుగా పోతుంది. శాటిన్‌లో పడుగు నాలుగో, ఏడో పేకల మీదుగా తేలిపోయి, అప్పుడొకసారి కిందికి దిగుతుంది. అలా పొడుగ్గా తేలిన పోగుల మీద వెలుగు పడే సరికి ఆ మెరుపు. ఉంగరం తగిలితే పోగు లేచేది కూడా అందుకే. ఈ నేత పట్టుతో నేయొచ్చు, పాలిస్టర్‌తో నేయొచ్చు, రేయాన్‌తో నేయొచ్చు. షాపువాళ్లు శాటిన్ అన్నంత మాత్రాన అబద్ధం చెప్పినట్టు కాదు. పట్టు అన్నారు చూడండి, అదే తేల్చుకోవాలి.

అంచు నుంచి నిలువు పోగులు నాలుగు, అడ్డు పోగులు నాలుగు లాగండి. రెండూ విడివిడిగా. ఒకటి పట్టు, ఇంకోటి పాలిస్టర్ అయ్యే అవకాశమూ ఉంది. స్టీలు పళ్లెం మీద, పక్కన నీళ్లు పెట్టుకుని, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే తనంతట తనే ఆరిపోతుంది, మిగిలింది వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరుగుతుంది. చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది, నలగదు. రేయాన్ కాగితంలా కాలి కాగితం వాసనే వేస్తుంది. కరుగుతున్న బొట్టుని వేలితో ముట్టుకోవద్దు, నా కుడి బొటనవేలి మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది.

మరీ తెల్లగా ఉందన్నారు. జిగురు తీసిన పట్టు రంగు మీగడ రంగు. నీలం ఛాయ కొట్టే ధగధగలాడే తెలుపు ఎక్కువగా పాలిస్టర్‌లో చూస్తాం. తెలుపు పెంచే మందులు కలుపుతారు, అవి కంటికి కనిపించని అతినీల కిరణాల్ని నీలి వెలుగుగా తిప్పి కొడతాయి. పట్టుకీ ఆ మందులు వాడేవాళ్లున్నారు కాబట్టి తెలుపు చూసి తీర్పు చెప్పకండి, పోగు కాల్చి చూడండి.

ఒకవేళ పాలిస్టర్ అని తేలితే షాపు మీద కోపం తెచ్చుకోండి, గుడ్డ మీద వద్దు. పాలిస్టర్ తక్కువ నలుగుతుంది, నీటి చుక్క పడితే మరక ఉండదు. పట్టు శాటిన్ మీద ఒక్క కన్నీటి బొట్టు పడినా గుండ్రటి మరక కట్టొచ్చు, ఆ రోజు కన్నీళ్లు తప్పవు కదా. అసలు పాలిస్టర్, నైలాన్ లాంటి మిల్లు పోగుని తక్కువగా చూడడం నాకు నచ్చదు. 1944లో ఒక అమెరికన్ పైలట్ విమానంలోంచి దూకి, తన నైలాన్ పారాచ్యూట్ వల్లే ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ పారాచ్యూట్ గుడ్డనే దాచి తెచ్చి పెళ్లి గౌను కుట్టమని కాబోయే భార్యకిచ్చాడు. 1947లో ఆమె ఆ గౌనుతోనే పెళ్లి చేసుకుంది. అది ఇప్పుడు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

పట్టే అని తేలితే మొమ్మె ఎంతో అడగండి. అది పట్టు బరువు కొలత, ఒక మొమ్మె అంటే చదరపు మీటరుకి దాదాపు 4.34 గ్రాములు. 19 మొమ్మె గుడ్డ సుమారు 82 గ్రాములన్నమాట. జారే డ్రెస్‌కి 19కి తగ్గితే లోపలి కుట్లన్నీ పైకి అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి.

ప్రశ్న: పెళ్లి చోటికి కారులో రెండు గంటలు కూర్చుని వెళ్లాలి. దిగేసరికి నలగని గుడ్డ ఏది?

జవాబు: ఈ బాధ మీ ఒక్కరిదే కాదు. 1981 జులై 29న బ్రిటన్ యువరాణి డయానా పెళ్లి గౌను పట్టు టఫెటా, వెనక జీరాడే భాగమే 25 అడుగులు. గుర్రపు బగ్గీలో పక్కన తండ్రి, మిగిలిన చోటంతా ఆ గుడ్డే. సెయింట్ పాల్స్ చర్చి దగ్గర దిగేసరికి ఆ ముడతలు లోకమంతా చూసింది. టఫెటా నిలబడే గుడ్డ కదా, నిలబడే గుణమున్నది మడతనూ గట్టిగానే గుర్తు పెట్టుకుంటుంది.

గుడ్డ అంచుని పిడికిట్లో కుక్కి ముప్ఫై లెక్కపెట్టండి. వదిలాక గీతలు అలాగే ఉంటే మీ ప్రయాణానికి పనికిరాదు. మందపాటి క్రేప్ ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ నెగ్గుతుంది. మికాడో ఫరవాలేదు. టఫెటా, సన్నటి శాటిన్, లినెన్ ఓడిపోతాయి. ఉబ్బు స్కర్టే కావాలంటే పైపొర నెట్ వేయించుకోండి, నెట్ నలిగినా విదిలిస్తే లేచి నిలబడుతుంది.

లేదంటే ఇంకో దారి: మామూలు బట్టల్లో వెళ్లి, అక్కడ మార్చుకోండి. ఇది చెప్తే ఎందుకో అందరూ నిరాశపడతారు.

ప్రశ్న: నాకు చెమట ఎక్కువ, దానికి తోడు లేస్ తగిలితే మెడ దగ్గర దద్దుర్లు. కానీ లేస్ డ్రెస్సే కావాలి. ఏం చేయను?

జవాబు: పై గుడ్డ జనం చూసేది, అస్తరు, అంటే లోపలి పొర, మీరు రోజంతా ఉండేది. గుడ్డకి నెలరోజులు తిరిగినవాళ్లు కూడా అస్తరు మాత్రం టైలర్‌కి వదిలేస్తారు, టైలర్ చేతికందిన పాలిస్టర్ వేసేస్తారు. పాలిస్టర్ తన బరువులో అర శాతం తేమ కూడా పట్టుకోదు, పట్టు మామూలు గాలిలోనే 11 శాతం దాకా పట్టుకుంటుంది. మీలాంటివాళ్లకి లోపల పల్చటి హబొటాయ్ పట్టు గానీ, సన్నటి కాటన్ మల్లు గానీ, విస్కోస్ గానీ ఉండాలి. కాటన్, విస్కోస్ అయితే కత్తిరించే ముందే ఉతికి ఆరేయమనండి. లేకపోతే తర్వాత అస్తరు కుంచించుకుపోయి పై గుడ్డని లోపలికి గుంజుతుంది.

లేస్ మెడ దగ్గర, చంకల దగ్గర చర్మానికి నేరుగా తగలకుండా ఒంటి రంగు మెత్తటి నెట్ వేయొచ్చు. ఆ నెట్ ముక్కని, లేస్ ముక్కని, అస్తరు ముక్కని కలిపి ఒక పూట మీ లోపలి బట్టకి మెడ దగ్గర పిన్ను పెట్టుకుని తిరగండి. దద్దుర్లు వచ్చేదుంటే చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది. నలభై గంటలు పెట్టి కుట్టాక రావడం కంటే నయం.

ప్రశ్న: పైభాగానికి ఒక షాపులో, స్కర్టుకి ఇంకో షాపులో కొందామనుకుంటున్నాం. రెండూ ఐవరీయే. ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. నేను సొంతంగా పని మొదలుపెట్టిన రెండో ఏడాది మాట. ఒకమ్మాయి డ్రెస్‌కి శాటిన్ అర మీటరు తక్కువ పడింది. అదే షాపు, అదే పేరు, అదే అంకె ఉన్న గుడ్డ తెచ్చాను. తాను మాత్రం వేరు. రాత్రి ట్యూబ్‌లైటు కింద రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, ఒకటే అనిపించింది. చేతులు రెండూ కొత్త ముక్కలోంచి కత్తిరించాను. పొద్దున్నే ఆ అమ్మాయి వచ్చి వేసుకుని గుమ్మంలో ఎండలోకి నడిచింది. ఒళ్లంతా పాలరంగు, చేతులు రెండూ పాత పుస్తకం కాగితాల రంగు. తను ఏమీ అనలేదు, చేతులు ముందుకి చాపి చూసుకుంటూ ఉండిపోయింది. నాలుగు రోజుల టైముంది. చేతులు విప్పేసి లేస్‌తో కొత్తవి వేశాను, డబ్బు నేనే పెట్టుకున్నాను. అందరూ లేస్ చేతులు ఎంత బాగున్నాయో అన్నారట. నాకు మాత్రం ఆ ఎండలో ఆ చేతులే గుర్తు.

రంగు వేసిన ప్రతిసారీ ఛాయ ఎంతో కొంత మారుతుంది. కాబట్టి ఒకే తానులోంచి, అర మీటరు ఎక్కువే కొనండి. రెండు చోట్ల కొనక తప్పకపోతే అసలు రంగు కలపాలనే చూడకండి. పైన శాటిన్, కింద నెట్ అనుకోండి, వేరు వేరు గుడ్డలైతే కన్ను తేడాని ఒప్పుకుంటుంది. ఏది కొన్నా ముక్క తీసుకుని పగటి వెలుగులో ఒకసారి, ఫ్లాష్ వేసి ఫోన్‌లో ఒకసారి చూడండి. మెరిసే శాటిన్ ఫ్లాష్‌లో తెల్లటి మచ్చలా తేలిపోయి, దాని మీది పనితనం కనబడకుండా పోతుంది.

ఇంకో మాట. శాటిన్ ముక్కలన్నీ ఒకే దిక్కుగా కత్తిరించాలి. గుడ్డ మిగుల్తుందని ఒక ముక్కని తలకిందులుగా పెడితే ఒకే తానైనా రెండు రంగుల్లా కనిపిస్తుంది.

ప్రశ్న: క్రాస్ కటింగ్‌లో శాటిన్ డ్రెస్ కుట్టించాను. ట్రయల్‌కి సరిపోయింది. వారం తర్వాత చూస్తే అంచు ఒకపక్క రెండు అంగుళాలు కిందికి దిగింది. టైలర్ తప్పేనా?

జవాబు: సగం తప్పు. క్రాస్‌లో, అంటే పోగులకి ఏటవాలుగా, కత్తిరించిన గుడ్డ తన బరువుకి తనే సాగుతుంది, అన్ని వైపులా ఒకేలా సాగదు. కుట్టాక కనీసం ఒక రోజంతా వేలాడదీసి, అప్పుడు మీరు వేసుకుని, పెళ్లిలో తొడిగే చెప్పులతోనే నిలబడితే నేల నుంచి కొలిచి అంచు కత్తిరించాలి. ఇప్పుడైనా అదే చేయించండి. ఎక్కడ దిగిందో అక్కడ కోసేస్తే చాలు, డ్రెస్ పాడవలేదు. తర్వాత మాత్రం హ్యాంగర్‌కి వేలాడదీయకుండా పడుకోబెట్టి ఉంచండి.

ప్రశ్న: షిఫాన్ మీద నిండుగా పూసలు, చమ్కీలు కుట్టించొచ్చా?

జవాబు: కింద ఆర్గంజా పొర వేసి, రెండూ కలిపి కుట్టిస్తే కుట్టించొచ్చు. ఒక్క షిఫాన్ మీదైతే బరువుకి సాగి, పూసల చుట్టూ కన్నాలు పడతాయి.

ప్రశ్న: మా అమ్మ పెళ్లి డ్రెస్ ముప్ఫై రెండేళ్ల నాటి పట్టు శాటిన్. ప్లాస్టిక్ కవర్లో ఉంది. పసుపెక్కింది, నడుము దగ్గర గోధుమ రంగు మచ్చలున్నాయి. అమ్మ అప్పట్లో మరకలేం లేవంటుంది. దాన్ని సరిచేయించి నేను వేసుకోవాలనుంది. అమ్మ వద్దంటోంది, చిరిగిపోతుందని భయం.

జవాబు: మీ అమ్మగారు నిజమే చెప్తున్నారు, అప్పుడు మరకలు కనబడి ఉండవు. తియ్యటి పానీయం రంగు లేనిదైతే చిందినా ఆరాక కనిపించదు. అందులోని చక్కెర మాత్రం గుడ్డలోనే ఉండిపోయి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. చెమట కూడా అంతే, పైగా పట్టు పోగుని బలహీనం చేస్తుంది.

ముందు ఆ ప్లాస్టిక్‌లోంచి తీయండి. శుభ్రమైన దుప్పటి మీద పరిచి, వెలుగు వెనక నుంచి పడేలా మడతల దగ్గర చూడండి. మడత గీతల వెంట సన్నటి చీలికలు కనిపిస్తే ఆ గుడ్డ ఇక కుట్టుకి ఆగదు. చీలికలు లేకపోతే లోపలి కుట్టు అంచు దగ్గర, ఎవరికీ కనబడని చోట, రెండు బొటనవేళ్లతో మెల్లగా పక్కలకి లాగండి. నిలిస్తే మంచిది. పిటపిటమని చప్పుడొస్తే ఆపేయండి. ఉతకొద్దు, నీళ్లు చల్లొద్దు, పాత పట్టు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. కత్తిరించడం ఆ తర్వాతే. మరక ఉండగా ఇస్త్రీ పెడితే ఆ వేడికి మరక గట్టిపడుతుంది.

శాటిన్ నిలవకపోయినా, దాని మీద లేస్ ఉంటే అది తరచూ బతికే ఉంటుంది. 1956లో హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీ పెళ్లి గౌనుకి వాడిన బ్రస్సెల్స్ లేస్ అప్పటికే 125 ఏళ్ల పాతది. మీ అమ్మగారి డ్రెస్‌లో లేస్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే చిన్న కత్తెరతో ఒక్కొక్క కుట్టూ తెంపి విడదీయించి, కొత్త క్రేప్ మీద పరిచి కుట్టించుకోవచ్చు. లేకపోతే స్కర్టు వెనక వైపు చూడండి, మచ్చలు పడనిది, ఎండ తగలనిది ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. నడుము పట్టీకి నాలుగంగుళాల వెడల్పున ఒక ముక్క చాలు. కత్తెర పెట్టే ముందు అమ్మని పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ ముక్క తీయాలో ఆవిడనే చూపించమనండి.